తొమ్మిదిన్నర కిలోల సంచీ

ఉదయం ఆరున్నరకి కోడలు తెల్ల పళ్ళెంలో గుప్పెడు క్లోవర్ మేత గింజలు పోసింది. రెండు నిమిషాల్లో భూతద్దం అందుకుంది.

గింజల్లో దొంగలున్నారు.

క్లోవర్ గింజ ఆవగింజ కన్నా చిన్నది. నున్నగా, పసుపుగా మెరుస్తుంది. వాటి మధ్య అక్కడక్కడా బూడిదరంగు గింజలున్నాయి. గుండ్రంగా, గరుగ్గా. ఒకదాన్ని గోటితో పక్కకి లాగి భూతద్దం కింద పెట్టింది. ఇక అనుమానం లేదు. బంగారు తీగ.

పేరొక్కటే అందం. దానికి ఆకుండదు. మొలిచిన కొద్ది రోజులకే వేరూ ఉండదు. పసుపు దారంలా క్లోవర్‌ని చుట్టుకుని రసం పీల్చి చంపుతుంది. ఒకసారి పొలంలో పడిందంటే ఏళ్ళ తరబడి వదలదు.

వంటింటి కిటికీలోంచి నాలుగెకరాల వాలు పొలం కనిపిస్తోంది. దున్ని, చదును చేసి, రోలర్ తిప్పి సిద్ధంగా ఉంది. నిన్న మడమతో నొక్కి చూసింది. అరంగుళం దిగింది, అంతే. చిన్న గింజకి అంతకన్నా మంచి పరుపు లేదు. సాయంత్రం నాలుగింటికి వాన అని రేడియో చెప్పింది. ఈ వాన దాటితే చలి. చల్లబడిన నేలలో క్లోవర్ మొలవదు.

మొలవకపోతే పొలం పోతుంది. ఎవరూ లాక్కోరు. మామగారే నాగలి దించుతారు.

ఆ వాలులో ఇరవై ఏళ్ళుగా మొక్కజొన్నే. ప్రతి వానకీ మట్టి కిందికి జారుతోంది. ఆవులకి మేత బయటినుంచి వస్తోంది. పచ్చిక వేద్దామని కోడలు రెండేళ్ళు పోరింది. చివరికి మామగారు ఒక్క మాటన్నారు. "ఒక్క పంట కాలం ఇస్తున్నా అమ్మాయ్. చల్లిన పదో వారానికల్లా ఆవులు అందులో మెయ్యాలి. లేదంటే మళ్ళీ మొక్కజొన్నే, ఇక నన్ను అడక్కు."

అందుకే నెల రోజులు విత్తనాలు ఏరింది. త్వరగా లేచి నేలని కప్పడానికి రై గడ్డి. నిదానంగా వచ్చినా ఏళ్ళ తరబడి నిలిచే గడ్డి ఇంకోటి. ఆవు తొక్కినా పాకుతూ పోయే తెల్లపూల క్లోవర్. కొట్లోనే క్లోవర్ సంచీ విప్పించి, భూతద్దంతో చూసి, నమూనాగా చెంచాడు గింజలు సీసాలో పోసుకుని వచ్చింది.

ఆ సీసా తీసి ఇంకో పళ్ళెంలో ఒంపింది. ఒక్క బూడిద గింజ లేదు.

అంటే కొట్లో దొంగ లేడు. దొంగ ఇంట్లోనే చేరాడు.

సంచీని త్రాసుకి తగిలించింది. తను కొన్నది ఎనిమిది కిలోలు. ముల్లు తొమ్మిదిన్నర మీద ఆగింది. మూతి చూసింది. కొట్టాయన మామూలు ముడి వేశాడు. ఇప్పుడున్నది దూడల పలుపుకి వేసే ముడి. ఆ ముడి ఈ ఇంట్లో ఒక్కరే వేస్తారు.

మామగారు వరండాలో పేపరు చదువుతున్నారు. కోడలు ఎదురుగా నిలబడింది. పేపరు ఇంకొంచెం పైకి లేచింది.

"మామయ్యా, క్లోవర్ సంచీ విప్పారా?"

"నేనెందుకు విప్పుతానూ?"

"కిలోన్నర పెరిగింది."

"పెరిగితే మంచిదేగా. తగ్గితే అడగాలి."

"మామయ్యా!"

పేపరు కిందికి దిగింది. "ఎకరానికి రెండు కిలోలేంటమ్మాయ్? పిట్టలకే చాలవు. రేపు పల్చగా మొలిస్తే మళ్ళీ నేనే దున్నించాలి, నువ్వు మొహం ముడుచుకోవాలి. ఆ గొడవంతా ఎందుకని, మూడేళ్ళ కిందట కాలవగట్టు మీద కోసి దాచిన గింజలు కలిపా. నీ మంచికే."

"ఆ గట్టు మీద పసుపు దారాలుండేవా?"

ఆయన ఆలోచించారు. ఆలోచిస్తున్నకొద్దీ మొహం పాలిపోయింది. "ఓ మూల ఉండేవి. అటు కొయ్యలేదనుకున్నానే."

"కోశారు."

పందెంలో తనని ఓడించాల్సిన మనిషి, తను గెలవాలని దొంగచాటుగా సాయం చేశాడు. ఆ సాయమే ఇప్పుడు కొంప ముంచేలా ఉంది. కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"కొత్త విత్తనం తెప్పిద్దాం," అన్నారాయన.

"కొట్లో అయిపోయింది. మళ్ళీ పది రోజులకి గానీ రాదు."

"క్లోవర్ లేకుండా గడ్డొక్కటే చల్లేస్తే?"

"క్లోవర్ లేకపోతే గడ్డికి బలమేదీ? ఏడాదికి ఎర్రబడుతుంది. అప్పుడు మీరే దున్నుతారు."

లోపల్నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "అదేదో జల్లించెయ్యకూడదుటే?"

"సైజు ఇంచుమించు ఒకటే అత్తయ్యా. జల్లెడకి దొరకవు."

ఆ మాట అంటూనే కోడలు ఆగింది. సైజు ఒకటే, కానీ ఒకటి నునుపు, ఒకటి గరుకు. రెండింటినీ నూగుబట్ట మీద జారిస్తే? నున్నది జారిపోతుంది. గరుకుది నూగులో చిక్కుకుంటుంది.

"అత్తయ్యా, ఇంట్లో మఖమల్ గుడ్డేమైనా ఉందా?"

అత్తగారు గుమ్మంలోకి వచ్చారు. ముగ్గురి చూపులూ హాల్లోకి తిరిగాయి. అక్కడ నేల దాకా వేలాడుతోంది ముదురాకుపచ్చ మఖమల్ కర్టెన్. దాన్ని తడిచేత్తో ముట్టుకున్నందుకు కన్నకొడుకునే రెండ్రోజులు సాధించిన మనిషి ఆవిడ.

ఆవిడ పమిట చెంగుకి చేతులు తుడుచుకున్నారు.

"ఏమండీ," అన్నారు అత్తగారు భర్తతో, "చేసిన ఘనకార్యం చాలుగానీ, స్టూలెక్కి దించండి. కొక్కేలు జాగ్రత్త!"

ఏడున్నరకి పని మొదలైంది. పొడవాటి చెక్కబల్ల మీద మఖమల్ బిగించి మేకులు కొట్టారు. ఒక చివర ఇటుకలు పెట్టి ఎత్తారు. కోడలు పైనుంచి గింజలు పల్చగా ఒంపింది. అవి సన్నటి చప్పుడుతో కింది డబ్బాలోకి జారాయి. ఆమె భూతద్దం పట్టుకుని వంగింది. నూగులో బూడిదరంగు చుక్కలు, ఒకటి, మూడు, ఏడు, కదలకుండా ఉండిపోయాయి.

"పట్టేసింది!" అని అరిచింది.

మామగారు బట్టల బ్రష్‌తో వాటిని ఊడ్చి నిప్పుల బకెట్లో దులిపారు. మళ్ళీ ఒంపడం, మళ్ళీ ఊడ్చడం. ఒకే సంచీ మూడుసార్లు జారాలి. పదింటికి పాల వ్యాన్‌తో తిరిగొచ్చిన భర్త, బోసిపోయిన కిటికీనీ, వరండాలో మేకులు దిగిన కర్టెన్‌నీ, పక్కనే బ్రష్‌తో కూర్చున్న తండ్రినీ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నాన్నని అమ్మ ఇంట్లోంచి వెళ్ళగొట్టిందా?"

"ఇంకా లేదు," అన్నారు అత్తగారు. "నువ్వొచ్చి ఆ ఇటుక సరిగ్గా పెట్టు."

ఒంటిగంటకి మూడో విడత అయింది. పళ్ళెంలో ఐదు గుప్పెళ్ళు చూస్తే ఒక్క బూడిద గింజ లేదు. అప్పటికే పడమట మబ్బు నల్లగా లేచింది.

గడ్డి విత్తనం నిలువుగా చల్లారు. క్లోవర్‌ని పొడి ఇసుకలో కలిపి అడ్డంగా చల్లారు. కోడలు ముందు, మామగారు వెనక. అడుగుకో విసురు.

"చేతిలో ఏదీ లేనట్టుంది అమ్మాయ్, పడుతోందా అసలు?"

"పడుతోంది. మీరింక ఏమీ కలపకండి."

వెనకే భర్త ట్రాక్టర్‌తో రోలర్ లాగాడు. గింజ మీద మట్టి అదిమితే చాలు, కప్పక్కర్లేదు. చివరి వరస పూర్తయ్యేసరికి నాలుగూ పది. మొదటి చినుకు మామగారి బట్టతల మీద పడింది. మట్టి కొట్టుకుపోయే వాన కాదు. నిదానంగా, గంటన్నర సేపు పడే వాన.

ఆరో రోజుకి గడ్డి సూదులు లేచాయి. తొమ్మిదో రోజుకి క్లోవర్ జంట ఆకులు విప్పింది. ఆనాటి నుంచి మామగారు పొద్దున్నే పొలం మీదే ఉండేవారు, వంగి, చేతులు వెనక్కి కట్టుకుని. నాలుగెకరాల్లో మొత్తం మూడుచోట్ల పసుపు దారం దొరికింది. మూడూ ఆయనే పట్టారు. చుట్టూ అడుగు మేర పీకి అక్కడే కాల్చారు. ఎవరినీ పిలవలేదు. మసి చేతులతో వచ్చి కాఫీ అడిగేవారు.

తొమ్మిదో వారం చివర పచ్చిక చీలమండ దాటింది. ఆవుల్ని వదలొచ్చా లేదా అన్నది తేల్చేది ఒకటే. ఆవు నోటితో లాగినట్టు గుప్పెడు గడ్డిని చేత్తో లాగాలి. ఆకు తెగితే పచ్చిక సిద్ధం. వేరుతో సహా ఊడొస్తే కాదు.

కోడలు వంగబోయింది.

"నువ్వాగు," అన్నారు మామగారు. "నువ్వు మెల్లగా లాగుతావు."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని పిడికిలి బిగించి లాగారు. టప్పున ఆకు తెగింది. వేరు కదల్లేదు. ఇంకోచోట లాగారు. వాలు మీద, వాలు కింద, మట్టి ఎప్పుడూ జారిపోయే మూలన, పదిచోట్ల లాగారు. ఆ మూలన కోడలు కూడా పక్కనే వంగి చూసింది. అక్కడా ఆకే తెగింది.

ఆయన లేచి మోకాళ్ళు దులుపుకున్నారు. వెళ్ళి గేటు తీశారు. ముందు పెద్దావు వచ్చి వాసన చూసింది, తల దించింది. మిగతావి తోసుకుంటూ వచ్చాయి. నాలుగెకరాల మీదా ఒకటే చప్పుడు, గడ్డి తెంపుతున్న చప్పుడు.

ఇద్దరూ గేటుకి ఆనుకుని చాలాసేపు విన్నారు.

"అవతల రాళ్ళ పొలం ముక్క ఉంది కదా," అన్నారు మామగారు ఆవుల వంక చూస్తూనే. "దానికి ఏ గడ్డి బాగుంటుందంటావ్?"

"ముందు నేల చూడాలి మామయ్యా."

"పద, చూద్దాం."