ముడి కనిపించని పని

మా అక్క బట్టలు కుడుతుంది. ఆవిడకి షుగరుందని తేలి ఆరేళ్లయింది. అప్పట్నుంచి ఊళ్లో ప్రతివాళ్లూ డాక్టర్లే. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కూడా "అది తిన్నావా, ఇది మానేశావా" అని ఆరా తీసి మరీ వెళ్లేవారు. మొదట్లో ఏదో ఒక జోకేసి పంపేసేది. రాను రాను అక్క జోకులూ తగ్గిపోయాయి.

ఒకరోజు గుండీ కావాల్సొచ్చి నేను అక్క కుట్టు డబ్బా తెరిస్తే, అడుగున నెలరోజుల మాత్రలు, అట్టలు కూడా చింపకుండా ఉన్నాయి.

"ఏంటక్కా ఇది?"

అక్క మిషను ఆపలేదు. "విసుగొచ్చిందే. నా ఒంటికి నేనే పొద్దస్తమానం కాపలా. కాస్త ఏమరితే తప్పంతా నాదే. ఇప్పుడు కుట్టు కూడా మసగ్గా కనిపిస్తోంది. పోతే పోనీ కళ్లు, ఈ భయమన్నా తీరుతుంది."

తిట్టబోయి ఆగిపోయాను. ఈ ఆరేళ్లూ పక్కింట్లోనే ఉన్నాను. ఏం తిన్నావని అడిగానే తప్ప, ఎలా ఉన్నావని ఒక్కసారీ అడగలేదు.

ఆ వారమే పాలకేంద్రం దగ్గరికి కళ్ల పరీక్షల వ్యాను వచ్చింది. బతిమాలి తీసుకెళ్లాను. లోపలున్న లావుపాటాయన లైటు తీసేసి, అక్క గడ్డాన్ని మిషను మీద ఆనించి ఫొటో తీశాడు. తెరని మా వైపు తిప్పాడు.

"ఇది మీ కంటి లోపలి గోడమ్మా."

చీకట్లో నిండు చందమామంత నారింజ రంగు వెలుగు. అందులో ఒక్కచోట మొదలైన ఎర్రటి నరాలు చీలి, మళ్లీ చీలి, దారం పోగుకన్నా సన్నబడి నలుమూలలా అల్లుకుపోయాయి. ఎక్కడా చిక్కు లేదు.

"ఇదంతా నాలో ఉందాండీ?" అక్క గొంతు బాగా తగ్గిపోయింది.

"పుట్టినప్పట్నుంచీ."

"ఇంత సన్నటి పని. ముడి ఎక్కడేశారో కూడా తెలీట్లేదు."

రోజుకి యాభై కళ్లు చూసే మనిషి, ఆయన కూడా కుర్చీ ముందుకి లాక్కుని మళ్లీ చూశాడు. ఆ తర్వాత ఆయన మెల్లగా అక్కడక్కడా ఉన్న ఎర్ర చుక్కలు చూపించాడు. "ఇక్కడ రక్తం కారింది. ఇంకా మొదట్లోనే ఉంది, ఆపొచ్చు."

"నేను మాత్రలు మానేశానండీ," అంది అక్క. అని, ఆరేళ్లలో మొదటిసారి పరాయి మనిషి ముందు ఏడ్చింది.

"చాలామంది మానేస్తారమ్మా. మీరు చెప్పారు, అంతే తేడా," అన్నాడాయన.

తిరిగొచ్చేటప్పుడు దారిలో మేక ఎదురొస్తే అక్క ఆగి, వంగి, దాని కళ్లలోకి చూసింది. "దీని కంట్లోనూ ఉంటుందంటావా?"

"ఉంటుందేమో."

"అబ్బ," అంది, నమ్మలేనట్టు.

పట్నంలో కంటికి లేజరు చేయించాం. చూపు నిలిచింది. విసుగు మాత్రం పూర్తిగా పోలేదు. కొన్ని రోజులు "ఇవాళ నావల్ల కాదే" అంటుంది. అలాంటప్పుడు నేను వెళ్లి పక్కన కూర్చుంటాను. ఏం తిన్నావని అడగను. కాసేపటికి తనే లేచి మాత్ర వేసుకుంటుంది.