చిలకపచ్చ మ్యాచింగ్

సాయిప్రియ యూనివర్సిటీల మల్టీమీడియా చదువుతున్నదని మేడ్చల్‌ల వాళ్ల గల్లీ మొత్తానికి తెలుసు. అదేం చదువో మాత్రం ఎవ్వరికీ తెల్వదు. వాళ్ల బాపు బాలరాజును ఎవరన్న అడిగితే "కంప్యూటర్సే, కాకపోతే రంగులు ఎక్కువుంటయ్" అని చెప్పేటోడు. మందుల ఫ్యాక్టరీల సూపర్‌వైజర్ ఆయన. ఏ సంగతైనా సీసా లేబుల్ మీద పట్టేటంతనే చెప్పుడు అలవాటు. దాంతోని పక్కింటోళ్లు ఫోటోల మొఖం తెల్లగ చెయ్యమని వచ్చేటోళ్లు, ఎదురింటోళ్లు ప్రింటర్ల ఇరికిన కాగితం తియ్యమని వచ్చేటోళ్లు. సాయిప్రియ రెండు పనులూ చేసిపెట్టేది. గల్లీల ఆమె చదువుకు ఉన్న ఇజ్జత్ అంత ఆ ప్రింటర్ తోనే.

ఇప్పుడు ఆఖరి ప్రాజెక్టు నడుస్తాంది. మొదటిసారి ఒక నీటి చుక్క ఆకు మీదికెళ్లి జారి కిందపడే యానిమేషన్ చేస్తే, జయకృష్ణ సారు మొత్తం చూసి "చుక్క మంచిగుంది. మనుషులేరి?" అని ఎనకకు పంపిండు. ఈసారి గూడ పోతే ఆర్నెల్లు ఆగాలె. ఆర్నెల్లు ఖాళీగ కూసోనిచ్చే ఇల్లు కాదది. బ్యాంకు కోచింగ్‌ల సీటు గురించి బాలరాజు అప్పుడే మాట్లాడి వచ్చిండు. బిడ్డ ఫెయిల్ గాకముందే, బ్యాంకు అన్న మాటకే గల్లీల ఆయనకు నమస్తేలు పెరిగినయ్.

మనుషులు గావాలంటే సాయిప్రియకు చుట్టాలున్నరు. మేనత్త రోజారాణి, మామ వీరభద్రం సుచిత్ర దగ్గర ఒక ఫ్లాట్ బుక్ చేసిన్రు. పిల్లర్లు లేసినయ్, ఆడికే ఆగినయ్. వాటి మీద పావురాలు గూళ్లు గట్టి, పిల్లల్ని పెంచి, మంచిగ కాపురాలు చేస్తున్నయ్ గని అత్తకు మాత్రం తాళంచెవి రాలె. సాయిప్రియ దాన్నే కథ జేసుకున్నది. ఇంకా లేని ఫ్లాట్‌ల ఒక కుటుంబం ఉంటది. బ్రోచర్ల ఉన్న హాలు, బాల్కనీ కంప్యూటర్ల తయారుజేసి అండ్ల చుట్టాలను పెడ్తది.

శామీర్‌పేట దిక్కున్న వాళ్ల యూనివర్సిటీల దానికొక స్టూడియో ఉంది. గోడలు, నేల అంత చిలకపచ్చ. ఆడ మనిషిని నిలబెట్టి తీస్తే, కంప్యూటర్ ఆ పచ్చనంత తీసేస్తది. ఖాళీ అయిన జాగల బాల్కనీ పెట్టుకో, హిమాలయం పెట్టుకో, నీ ఇష్టం. స్టూడియో దొరికింది ఒక్క శనివారం పొద్దటిపూటనే. జాగ ఎట్లుంటదో ముందే తెల్వాలని సాయిప్రియ ఆ పచ్చ స్టూడియో ఫోటో ఫ్యామిలీ గ్రూప్‌ల పెట్టి "షూటింగ్ ఈడనే. మంచిగ తయారై రాండ్రి" అని రాసింది. వరుసగ దండాలు, గులాబీ పూలు వచ్చినయ్.

ఆ ఫోటోను రోజారాణి చూసిన తీరు వేరే. డెకరేషన్‌కు చీర కుదరకపోతే ఆమెకు ఫంక్షన్ల అన్నం దిగదు. ఆడిబిడ్డ కొడుకు పెండ్లిల స్టేజీ ఊదారంగుది, ఈమె కట్టింది నారింజ చీర. ఆ ఆల్బమ్ ఇప్పటికీ ఎవ్వర్నీ తెరవనియ్యది. అందుకే ఫోన్ల ఫోటో పట్టుకొని సుచిత్రల మ్యాచింగ్ సెంటర్‌కు పోయింది.

"గిదే పచ్చ గావాలె. గోడకు నాకు తేడా తెల్వద్దు" అన్నది.

షాపాయన తాన్లకు తాన్లు ఇప్పి, ట్యూబులైట్ కింద చూపెట్టి, బయట ఎండల చూపెట్టి, ఆఖరికి అచ్చం అదే రంగు తీసిండు. దొరికిన సంబురంల ఆమె ఇంటిల్లిపాదికి తెచ్చి కుట్టిచ్చింది.

శనివారం ఆటో దిగినోళ్లను చూసి సాయిప్రియ తలకాయ పట్టుకున్నది. అత్తది పచ్చ చీర, పచ్చ జాకిట్. మామది పచ్చ కుర్తా పైజామా. బాపుది పచ్చ చొక్కా, పచ్చ ప్యాంటు. బాలరాజు తల్లి జంగమ్మ ఒక్కతే, ఎవ్వరు జెప్పినా ఇనకుండ, తన పాత ఎర్ర చీరల వచ్చింది.

"ఎట్లున్నది కోడలా?" అత్త గిర్రున తిరిగింది. "అంచు గూడ ఒద్దన్న. గోడల కలిసిపోవాలని."

"కలిసిపోతవ్ అత్తమ్మా. మొత్తానికే కలిసిపోతవ్."

"గదే గదా గావాల్సింది!"

"గది గాదే! పచ్చగున్నదంత కంప్యూటర్ తీసేస్తది. చీర గూడ పోతది."

"చీర పోతదా?" వీరభద్రం ఉలిక్కిపడ్డడు. "యూనివర్సిటీల మీ అత్తను గట్ల చూపెడ్తవా పిల్లా?"

"అట్ల గాదు మామా. చీరతోని మనిషి గూడ పోతది. ఆ జాగల బాల్కనీ కనవడ్తది."

"గట్లయితే సరే" అని మామ నిమ్మళమైండు.

ఇంటికి పోయి మార్చుకొచ్చేసరికి స్టూడియో వేరేటోళ్లకు పోతది. కెమెరా పట్టుకున్న క్లాస్‌మేట్ రహీల్ "అరె యార్, నా జాకెట్ ఏసుకోమను" అన్నడు. రోజారాణి ఆ జాకెట్ దిక్కు ఒక్కసారి చూసింది. రహీలే మళ్ల తొడుక్కున్నడు.

స్టూడియోల కెమెరాకు కలిపిన టీవీ తెర మీద బ్రోచర్ బాల్కనీ వచ్చింది. అండ్లకు అత్త తలకాయ నడుసుకుంట వచ్చింది. దాని కింద గాలిల హారం, ఇంకింత కింద గాలిల వడ్డాణం, అటొకటి ఇటొకటి గాజుల చేతులు. మామ తలకాయ, చేతిగడియారం సోఫాల కూసున్నయ్. బాలరాజుకు తలకాయ, ఫ్యాక్టరీ ఐడీ కార్డు మిగిలినయ్. సెలవురోజు గూడ అది తియ్యడాయన. నడిమిట్ల జంగమ్మ ఎర్ర చీరల నిండుగ నిలబడి ఎదురుంగున్న తెరను చూస్తాంది.

"రోజా, యాడున్నవే? నీ వడ్డాణం ఒక్కటే తిరుగుతాంది!" అని బిడ్డను కేకేసింది.

సాయిప్రియకు ఏడుపొక్కటే తక్కువ. రోజారాణి మాత్రం తెర దగ్గరికి వోయి తనను తాను పక్క నుంచి చూసుకున్నది.

"ఇన్నేండ్లు యోగా చేసినా నడుము గింత తగ్గలే. కానియ్ బిడ్డా."

తీసిన్రు.

ప్రాజెక్టులు చూసే రోజు ఇంటోళ్లను గూడ పిలిచిన్రు. బయటి కాలేజీకెళ్లి పార్వతీదేవి మేడం మార్కులెయ్యనీకి వచ్చింది. రహీల్ ముందే చెవుల చెప్పిండు: "మధ్యతరగతోళ్లల్ల మనుషులు మాయమై బంగారమే మిగిలిందని చెప్పు. మేడం ఫిదా." మాట బాగనే ఉన్నది గని, అత్త మొదటి వరుసల కూసున్నది, అదే చీరల. ఆ మాటంటే ఇంట్ల దావత్‌లు బంద్. పొరపాటని చెప్తే బ్యాంకు కోచింగ్.

సినిమా అయిపోయింది. లైట్లేసిన్రు. "మనుషులు సగం సగమే ఉన్నరు. అర్థమేంది?" అని పార్వతీదేవి అడిగింది.

సాయిప్రియ మైకు పట్టుకొని బాపు దిక్కు చూసింది. బాపు కింద టైల్స్ దిక్కు చూసిండు.

"నేను జెప్త మేడం" అని రోజారాణి లేసింది. మ్యాచింగ్‌ల తను తప్పుజేసిందని ఒప్పుకునే మనిషి కాదామె. "మేం ఆ ఇంట్ల ఉన్నమా అంటే ఉన్నం. సోఫా యాడెయ్యాలె, పూజగది తలుపు ఎటు తెరవాలె అని రోజూ కొట్లాడుకుంటం. కర్టెన్లు గూడ కుట్టిచ్చినం. మరి ఉన్నమా అంటే లేం. గందుకే పిల్ల మమ్మల్ని సగమే చూపెట్టింది. మా అవ్వ ఒక్కతే ఏ ఫ్లాటూ బుక్ చెయ్యలే. నిండుగున్నది."

పార్వతీదేవి అద్దాలు తీసి తుడుసుకున్నది.

"సుచిత్ర దగ్గరంటే... పెట్రోల్ పంపు ఎనకనా?"

"ఔ మేడం."

"ఏ బ్లాకు?"

"బీ."

"మాది సీ."

వీరభద్రం లేసి నిలబడ్డడు. "ఫ్లాట్లోళ్ల గ్రూప్‌ల మీరు కనవడరేంది మేడం?"

"బిల్డర్ తీసేసిండయ్యా, గట్టిగ అడిగిన్నని."

"మమ్మల్ని గూడ! మేం ఇంకోటి పెట్టుకున్నం. మీ నంబర్ జెప్పున్రి."

సాయిప్రియ మైకుల దగ్గింది. జయకృష్ణ సారు మెల్లగ "మేడం, మార్కులు..." అన్నడు.

"ఏసిన లేవయ్యా. పాస్" అని పార్వతీదేవి కాగితం ఆయన చేతుల పెట్టి, కుర్చీ మొత్తం రోజారాణి దిక్కు తిప్పుకున్నది. "నువ్వు చెప్పమ్మా. మీ బ్లాకుల లిఫ్టుకు గుంతన్నా తవ్విండా?"