వేలెడు వేలెడుగా లేచిన జీపు

చెప్పండి. ఆ పొద్దు ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు మీద, ఇనాయతుల్లా షెడ్డులోంచి చౌడప్ప జీపు బయటికొచ్చినప్పుడు మీరేం చూశారు? చూడలేదని మాత్రం అనొద్దు. ఎదురుగా టీ అంగట్లో గ్లాసు చేతబట్టుకుని కూర్చునే ఉన్నారు. మూడంగుళాలు లేపిన జీపు, అంతే కదా? దాన్ని తోలుతున్న జమాల్‌కు కూడా ఆ పొద్దు అంతే కనిపించింది.

జమాల్ పన్నెండేళ్లుగా చౌడప్ప డ్రైవరు. మూలవంకపల్లెలో చౌడప్ప మాటే ఓటు, చౌడప్ప మాటే తీర్పు. వంక అవతలి పల్లెలో ఇంకొకాయన మాట. ఇద్దరి మధ్యా పదకొండు శవాలు. ఎలక్షన్లు వస్తే ఈయన ఒక జెండా కట్టేవాడు, ఆయన ఇంకో జెండా కట్టేవాడు. ఐదేళ్ల తర్వాత జెండాలు మార్చుకునేవాళ్లు. శవాలను మాత్రం ఎవరివి వాళ్లే ఉంచుకునేవాళ్లు.

తెల్లారగానే జమాల్ మొదటి పని ఒకటే. నేల మీద వెల్లకిలా పడుకుని జీపు కిందికి దూరడం. బాంబేమైనా కట్టారా, కొత్త వైరేదైనా వేలాడుతోందా అని టార్చి వేసి చూడడం. తర్వాత ఒక్కడే ఎక్కి తాళం తిప్పడం. అంతసేపూ చౌడప్ప గోడ చాటున నిలబడేవాడు. ఇంజను పలికి, జమాల్ ఇంకా బతికే ఉన్నాడని తేలినాక బయటికొచ్చి, నిన్న కూర్చున్న సీటులో కాకుండా ఇంకో సీటులో కూర్చునేవాడు. ఎక్కడికి పోవాలో ముందు చెప్పేవాడు కాదు. దావ చీలిన చోట "ఎడమ" అనేవాడు, లేదంటే "కుడి" అనేవాడు. పన్నెండేళ్లలో జమాల్ ఒక్కసారి కూడా తాను ఎక్కడికి పోతున్నాడో తెలిసి బండి తోలలేదు.

ఆ చలికాలం మైలవరం దావలో వంక దాటుతుంటే జీపు అడుగు రాయికి తగిలింది. నాలుగు చక్రాలూ లాగే జీపే గాని, పొట్ట రాయి మీద కూర్చున్నాక చక్రాలు తిరిగి ఏం లాభం? గంటసేపు ఇసుకలో ఇరుక్కున్నారు. ఆ గంటసేపూ చౌడప్ప ఒక్కో కంపచెట్టు వైపూ తుపాకి తిప్పుతూ కూర్చున్నాడు. మరుసటి రోజే ప్రొద్దుటూరు.

"చక్రాల మీది కమాన్లకు రెండేసి పట్టీలు ఎక్కువేస్తా అన్నా," అన్నాడు ఇనాయతుల్లా, జీపు కింద నుంచి తల బయటపెట్టి. "షాకబ్జర్లు గూడా పొడుగువి ఎయ్యాల. మూడంగుళాలు లేస్తాది. ఇంక రాయి తగలదు."

"ఆరు లేపు."

"ఆరు లేపితే మలుపులో పల్టీ కొడతాది అన్నా."

చౌడప్ప కళ్లు చిన్నవయ్యాయి. "నాకు తక్కువ లేపమని నీకెవురు చెప్పినార్రా?"

ఇనాయతుల్లా చేతిలో పానా ఆగిపోయింది. "ఎవురు చెప్తారన్నా! ముప్పై ఏండ్లుగా చేస్తాండా. బండే చెప్తాది."

చౌడప్ప వాన్ని ఎగాదిగా చూశాడు. ఆ చూపుతోనే జీపు ఇంకో వేలెడు లేచింది. జాకీ పెట్టలేదు, ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఇనాయతుల్లా చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య చెయ్యి పెట్టి కొలిచి చూసి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"మీది పెరిగే బండి అన్నా. ఇంక నాతో పనిల్యా. గ్రీజు మాత్రం నెలకోసారి కొట్టించుకోండి."

అట్లా మొదలైంది. చౌడప్పకు ఎవరి మీదైనా అనుమానం వస్తే చాలు, జీపు వేలెడు లేచేది. పాలు పోసే ఆమె రెండు రోజులు రాకపోతే వేలెడు. పెండ్లిలో ఎవడో నమస్కారం ఒంటిచేత్తో పెడితే వేలెడు. పార్టీ ఆఫీసు నుంచి ఉత్తరం ఆలస్యమైతే రెండు వేళ్లు. ఉగాది నాటికి ఎక్కడానికి ముక్కాలిపీట వేశారు. శ్రీరామనవమి నాటికి నిచ్చెన వేశారు. ఊర్లో దానికి ఆశ్చర్యపోయినవాళ్లు లేరు. డీజిలు ఎక్కువ తాగుతుందని చౌడప్ప భార్య నాగేంద్రమ్మ సణిగింది, అంతే.

ఊరికి భయం వేరే. పొద్దున్నే జనం చౌడప్ప గేటు ముందు నుంచి పోతూ, జీపు అడుగు ప్రహరీగోడ మీద ఏ రాతి వరసకు వచ్చిందో ఓరకంట చూసేవాళ్లు.

"నిన్నటికీ ఈ పొద్దుకూ రెండు వేళ్లు లేసిందబ్బా. ఎవురి మీద పడినాడో."

"నీ మీద గాదు గదా?"

"నా మీదెందుకుంటాదిరా? నీ మీదేమో చూసుకో."

నవ్వుకుంటూనే విడిపోయేవాళ్లు. సందు తిరిగేసరికి నవ్వు పోయేది. మధ్యాన్నానికి ఇద్దరిలో ఒకడు చౌడప్ప దగ్గరికి పోయి రెండో వాని మీద ఏదో ఒకటి చెప్పి వచ్చేవాడు. సాయంత్రానికి జీపు ఇంకో వేలెడు లేచేది.

జమాల్‌కు మాత్రం పని సుఖమైంది. ముందు పాక్కుంటూ చూసేవాడు, తర్వాత గొంతుక్కూర్చుని చూసేవాడు, చివరికి నిలబడి తల పైకెత్తి చూసేవాడు. అప్పటికి చౌడప్ప ఇంట్లో పడుకోవడం కూడా మానేశాడు. పైన జీపులోనే పరుపు వేసుకున్నాడు. అక్కడినుంచి ఊరంతా కనిపిస్తుందనేవాడు. ఎవరి మిద్దె మీద ఎవరు మాట్లాడుకుంటున్నారో కనిపిస్తుంది. ఏం మాట్లాడుకుంటున్నారో వినిపించదు. ఇంకేం కావాలి, జీపు పెరగడానికి?

ఇట్లాంటి కాలంలో జమాల్‌కు కువైట్ వీసా వచ్చింది. భార్య జానీబీ అన్న అమీర్ బాషా పంపాడు. అక్కడొక షేకు ఇంట్లో కారు తోలే పని. పాస్‌పోర్టు పులివెందులలో అత్తగారింటి అడ్రసుకు తెప్పించుకున్నాడు. అమ్మకు బాగలేదని చెప్పి జానీబీ ముందుగానే పుట్టింటికి పోయింది. పోయే ముందు అడిగింది.

"చౌడప్పన్నకు చెప్పి పోగూడదా?"

"చెప్తే, ఎందుకు పోతాండావురా అంటాడు."

"చెప్పకుండా పోతే?"

"యాడికి పోయినావురా అంటాడు."

"ఏదో ఒగ జవాబు చెప్పొచ్చు గదా."

"జవాబు చెప్పేది నేను గాదు జానీ, ఆయప్పే అనుకుంటాడు. ఆయప్ప దావలన్నీ నాకు తెలుసు. దావలు తెలిసినోన్ని బతకనిస్తాడా?"

ఆ మాట నిజమని ఇద్దరికీ తెలుసు. అంతకు ముందున్న డ్రైవరు చౌడప్పకు చెప్పి మరీ పని మానుకున్నాడు. వాని చెప్పులు మాత్రం దొరికాయి, వంకలో.

ఎలక్షన్లకు పదిరోజులుందనగా ఒక తెల్లవారుజామున జమాల్ ఎప్పట్లాగే జీపు కింద నిలబడి, చెయ్యి పైకెత్తి ఛాసిస్ తడుముతున్నాడు. పైన చౌడప్ప బామ్మర్ది సంజీవయ్య గొంతు వినిపించింది.

"బావా, జమాల్‌గానికి పాస్‌పోర్టు వచ్చిందంట."

 జమాల్ వేళ్ల కింద ఇనుము కదిలింది. కదిలి, వేళ్లను వదిలి పైకి పోయింది. కమాన్ పట్టీలు మూలిగాయి. వేలెడు కాదు, బెత్తెడు కాదు, ఒక్కసారిగా మూరెడు. చెయ్యి ఎత్తినా అందనంత ఎత్తుకు పోయి ఆగింది. ఇన్ని నెలల్లో ఏ పేరుకూ జీపు అంత ఎత్తు లేవలేదు.

"మనల్ని అవుతలోనికి అమ్ముకున్నాడంటావా?" చౌడప్ప గొంతు.

"మన దావలన్నీ వానికి తెలుసు. పాస్‌పోర్టు ఊరికే తీస్తారా బావా?"

"సరే. జమ్మలమడుగు మీటింగు గానీ. ఆడ్నుంచి మైలవరం దావలో వంకలోకి దిగుదాం. వాడే తోలుకొస్తాడులే."

తన కింద రోజూ ఒక మనిషి నిలబడి ఉంటాడని చౌడప్ప మరిచిపోయాడు. అంత ఎత్తులో ఉన్నవానికి కింద ఉన్నది గుర్తుండదు. ఎవరికైనా అంతే.

పన్నెండేళ్లలో మొదటిసారి జమాల్‌కు తాను పోయే చోటు ముందే తెలిసింది. గేటు దగ్గర చౌడప్ప మనుషులు ఇద్దరు బాంబుల సంచితో కూర్చుని ఉన్నారు. పారిపోయే సందు లేదు. నిచ్చెనెక్కి పైకి పోయాడు, అందరూ ఎక్కినాక నిచ్చెనను పైకి లాక్కుని వెనక కట్టాడు, తాళం తిప్పాడు. వెనకసీటులో చౌడప్ప, పక్కన సంజీవయ్య, వాళ్ల వెనక ఆ గేటు మనుషులు ఇద్దరూ.

జమ్మలమడుగులో మీటింగు అయిపోయింది, ఎవరూ జీపు దిగకుండానే. జీపు నాలుగు రోడ్ల దగ్గరికి వచ్చేసరికి గుంపు ఇంకా పల్చబడలేదు. మైకులు, కాగితాల తోరణాలు, దుమ్ము. సంత రోజు కావడంతో అడ్డంగా గొర్రెల మంద ఒకటి పోతోంది. ఆటోలు ఆగాయి. బస్సు ఆగింది. మంద మాత్రం ఆగలేదు. జీపు ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్యన, పందిరి కింద పోయినట్టు పోతోంది.

"ఎడమ," అన్నాడు చౌడప్ప. ఎడమకు పోతే మైలవరం దావ.

జమాల్ బ్రేకు తొక్కాడు. 

"అన్నా, కింద ఏదో టిక్కుటిక్కుమంటాంది."

జీపులో నలుగురూ బిగుసుకుపోయారు.

"ఏం చూస్తాండావురా నా మొగం? దిగి చూడు పో!"

జమాల్ నిచ్చెన దింపి, మెట్టు మెట్టూ తడుముకుంటూ దిగాడు. జీపు కింద నీడ. నీడ నిండా గొర్రెలు. మందను అదిలిస్తూ వస్తున్న ముసలామె మునెమ్మ ఆగి, పైకి చూసింది.

"ఎవురిది నాయనా ఈ మిద్దె?"

"మిద్దె గాదవ్వా. జీపు."

"అట్లనా. నీడ బాగుండాది." అప్పుడు ఆమె జమాల్ మొహం చూసింది. ఆ సీమలో పుట్టి ముసలిదైన మనిషి. ప్రాణభయం చూస్తే గుర్తుపడుతుంది. భుజం మీది గొంగళి తీసి వాని తల మీదుగా కప్పింది. "వంగి నడువు. నిక్కి నడిస్తే గొర్రెలు బెదుర్తాయి."

"రేయ్ జమాల్, ఏముందిరా?" పైనుంచి కేక.

"చూస్తాండా అన్నా," అన్నాడు జమాల్. చౌడప్పతో అదే చివరి మాట. వంగాడు, మందలో కలిశాడు.

పైన చౌడప్ప కాసేపు కాచుకున్నాడు. "సంజీవా, వంగి చూడు."

"నువ్వే చూడు బావా, నీ పక్కనే గదా."

"నన్నెందుకు వంగమంటాండావు?"

"ముందు నన్నెందుకు వంగమంటివి?"

జీపు జానెడు లేచింది. సంజీవయ్య వీపును కమ్మీకి ఆనించుకున్నాడు. వెనక ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, వాళ్లూ చెరో మూలకూ వీపులు ఆనించారు. వంగితే వెనకనుంచి ఎవరు తోస్తారో ఎవరికి తెలుసు? నలుగురు మనుషులు, నాలుగు మూలలు. ఒక్కడూ వంగలేదు. కూర్చున్న చోటునుంచి చౌడప్పకు కనిపించినవి తలగుడ్డలు, తువ్వాళ్లు, గొర్రెల వీపులు. అంత ఎత్తునుంచి అన్నీ ఒకటే. జీపు ఇంకా లేచింది. నిచ్చెన కొస అందకుండా పోయి, మెల్లగా జారి రోడ్డు మీద పడింది. ఎవరో దాన్ని తీసి, దావకు అడ్డం లేకుండా పక్కన పెట్టారు.

బస్టాండు దగ్గర జమాల్ గొంగళి మునెమ్మ చేతికిచ్చి పులివెందుల బస్సెక్కాడు. ముద్దనూరు దాటేదాకా కిటికీ వైపు చూడలేదు. చూసినప్పుడు, కరెంటు స్తంభాల కంటే ఎత్తున, అగ్గిపెట్టెంత జీపు కనిపించింది. ఇంకా లేస్తూనే ఉంది.

"ఎట్లా పంపించినాడు?" అంది జానీబీ తలుపు దగ్గర.

"దిగి చూడమన్నాడు. దిగినా," అన్నాడు జమాల్. గడప మీద కూర్చుని చెప్పులు విప్పాడు.

నాలుగో రోజు బొంబాయి పోయాడు. అక్కడినుంచి కువైట్. ఇప్పుడు నేలకు ఆనుకుని పోయే కారు తోలుతున్నాడట, ఎక్కడికి పోవాలో ముందే చెప్తారట.

జీపు జమ్మలమడుగు నాలుగు రోడ్లలోనే ఉంది. డీజిలు అయిపోయింది. అన్నం తాడుకు కట్టి పంపుతున్నారు. పక్కవాడు తినేదాకా పైన ఎవడూ ముద్ద ముట్టడం లేదు. ఎలక్షన్ల ముందు రోజు రెండు పార్టీలవాళ్లూ వచ్చి కింద నిలబడి జై కొట్టారు. ఎవరు ఎవరో కనబడక చౌడప్ప ఇద్దరికీ చెయ్యి ఊపాడు.

నిన్న పైనుంచి ఒక చీటీ పడింది. కొత్త డ్రైవరు కావాలట. జీతం మంచిది. పండక్కి బట్టలు, ఇంటికి బియ్యం. మనిషి నమ్మకస్తుడై ఉండాలట, అంతే. అప్పుడే పదిమంది తండ్రులు చీటీ చదివి, తువ్వాలు దులుపుకుని ఇంటికి నడిచారు, కొడుకుల్ని తోలుకొద్దామని. ఒకడైతే నిచ్చెనలు మూడు కలిపి కట్టిస్తున్నాడు.

మీ పెద్దోనికీ మొన్ననే లైసెన్సు వచ్చింది, ఖాళీగానే ఉన్నాడు. మరి, పంపిస్తారా?