ఆకుల నూనె

చిన్నవెంకటమ్మ నీసు మానేసిందంటే లక్కూరులో మొదట ఎవరూ నమ్మలేదు. ఆమె చేపల పులుసు పెడితే పక్కవీధి వాళ్లు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు. అలాంటి మనిషి, కూతురు రక్షిత పసిపిల్లప్పుడు జ్వరం తలకెక్కి డాక్టర్లు చేతులెత్తేస్తే, కురుడుమలె వినాయకుడి ముందు కూలబడి మొక్కుకుంది. బిడ్డను దక్కిస్తే చచ్చేదాకా నీసు ముట్టనంది. బిడ్డ దక్కింది. అప్పటి నుంచి ఆ ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాలేదు. పెళ్లిళ్లలో చుట్టాలు ఎంత ఎగతాళి చేసినా ఆమె మాట తప్పలేదు.

ఆ రక్షితే ఇప్పుడు మాలూరులో మందుల షాపులో పనిచేస్తోంది. తండ్రి పోయాక ఇంట్లో ఉన్నది తల్లీకూతుళ్లిద్దరే. తల్లికేమో మోకాళ్లు పట్టేశాయి. పాలు పిండడానికి కూర్చుంటే, లేవడానికి ఆవు తోక పట్టుకోవలసి వచ్చేది. ఆవు మంచిది కాబట్టి సరిపోయింది. నొప్పి మాత్రలు వేసుకుంటే కడుపు మంట. అలా ఉండగా ఒక సాయంత్రం రక్షిత చీటీ లేని డబ్బా ఒకటి తెచ్చింది. నిండా పసుప్పచ్చటి, మెత్తటి గోళీలు.

“ఏం మందే ఇది?”

“ఆకుల నూనెమ్మా. పొద్దన్నే ఒకటి మింగు. ఇంగ నీ కాళ్లు ఎట్లుంటాయో చూడు.”

“కడుపు మండదు గదా?”

“ఆకుల నూనె గదమ్మా! ఎవురు మింగినా ఏం కాదు.”

చదువుకున్న పిల్ల, మందుల షాపులో ఉన్న పిల్ల, అన్నిటికీ మించి కన్నకూతురు. ఇంకేం అడుగుతుంది? మింగింది. కొన్నాళ్లకు పొద్దునపూట పట్టు కాస్త సడలింది. తేన్పు వస్తే మాత్రం అదోరకం వాసన. ఇంకో వింత ఏమిటంటే, పక్కింటి పిల్లి ఆమె చేతులు నాకడం మొదలుపెట్టింది.

“చూడే, ఈ పిల్లి కూడా ఆకుల నూనెకు మరిగినాది!” అని చిన్నవెంకటమ్మ పకపకా నవ్వింది. రక్షిత నవ్వకుండా ఫోను వెతుక్కుంటూ లోపలికి పోయింది. అప్పుడైనా తల్లికి అనుమానం రావలసింది. కానీ కూతుర్ని అనుమానించే బుర్ర కాదు ఆమెది.

మంచి వస్తువు దొరికితే ఒక్కతే దాచుకునే గుణం కూడా కాదు. భజనలో ఆమె పక్కన కూర్చుని తాళం వేసే పిల్లమ్మకూ మోకాళ్ల నొప్పులే. పిల్లమ్మ మెడలో తులసిమాల, నీసు మానింది ఆమె కూడా. గుండె ఆపరేషన్ అయి, రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకుంటుంది. “ఆకుల నూనెక్కా, ఏం కాదు” అని చిన్నవెంకటమ్మ గుప్పెడు గోళీలు తీసి ఆమె కొంగున కట్టింది.

తర్వాత పిల్లమ్మ రెండు వారాలు భజనకు రాలేదు. వచ్చిన రోజు తాళాలు ముట్టలేదు. అందరి ముందూ చిన్నవెంకటమ్మ ఎదుట నిలబడింది.

“నా నోట్లో చేప పెట్టినావు గదే!”

“ఏం మాటలక్కా అవి?”

“పళ్లు తోముకుంటే రక్తం. ఒళ్లంతా కమిలిపోయె. కోలారు డాక్టరమ్మ ఏమేం మింగినావో చెప్పు అనింది. నీ గోళీ చూపిస్తే, చిదిమి వాసన చూసింది. చేప కార్జం నూనె అంట! కీళ్లకు కొందరికి మేలు చేస్తాదంట. అయితే రక్తం మాత్ర మింగేవాళ్లు అడగకుండా ముట్టకూడదంట, రక్తం ఇంకా పల్చనైతాదంట. మంచిదని గుప్పెళ్లు మింగితే ఎవురికైనా ముప్పేనంట. నా ప్రాణం సంగతి వదిలెయ్. ఈ మాల ఏం చేసుకోవాల? నిన్ను నమ్మినానే!”

“నా బిడ్డ మీద ఒట్టు, అది ఆకుల నూనె! నా బిడ్డే చెప్పినాది!”

“అయితే పోయి నీ బిడ్డనే అడుగు.”

చిన్నవెంకటమ్మ ఇంటికెలా వచ్చిందో ఆమెకే తెలియదు. రక్షిత కాళ్లు కడుక్కుని అప్పుడే లోపలికి వస్తోంది. తల్లి డబ్బా చూపించి, “చేపా?” అని ఒక్క మాట అడిగింది. కూతురు తల దించుకుంది.

“మా షాపులో జూలీ చెప్పిందమ్మా. వాళ్లది కేజీఎఫ్. అప్పట్లో బంగారు గని ఆస్పత్రిలో పిల్లలకంతా చెంచాతో తాపేవాళ్లంట. వాళ్లవ్వ ఇప్పుడూ మింగుతాది, బాగా నడస్తాది అనింది. నువ్వు తోక పట్టుకొని లేసేది చూడలేక తెచ్చినా. చెప్తే మింగేదానివా?”

“మింగను.”

“అందుకే చెప్పలే. మందుకు నీసేంటమ్మా?”

“అది చెప్పాల్సింది నేను. నా మోకాళ్లు, నా మొక్కు. నన్ను అడగాల్నా, వద్దా? పిల్లమ్మకు ఏమన్నా అయ్యుంటే?”

“ఆయమ్మకు ఇస్తావని నాకేం తెలుసు?”

“ఎవురు మింగినా ఏం కాదన్నింది ఎవురే?”

రక్షిత డబ్బా అందుకోబోయింది. తల్లి చెయ్యి వెనక్కి లాక్కుంది.

“ఆ మొక్కు ఎవురి కోసమో తెలుసునా నీకు?”

తెలుసు. చిన్నప్పటి నుంచి వింటూనే ఉంది. చిన్నవెంకటమ్మ గుండె కోసింది అదే. పరాయివాళ్లు మోసం చేస్తే దుమ్మెత్తిపోసి ఊరుకునేది. ఎవరి ప్రాణం కోసం నోరు కట్టుకుందో, ఆ బిడ్డే రోజూ నీళ్లు అందించి మరీ మొక్కు చెడగొట్టింది. పైగా తన చేత పిల్లమ్మను కూడా మోసం చేయించింది.

మర్నాడు చిన్నవెంకటమ్మ పిల్లమ్మ ఇంటికి పోయి, జరిగింది దాచకుండా చెప్పి చేతులు పట్టుకుంది. పిల్లమ్మ తిట్టలేదు. “నీ తప్పు కాదులే” అంది గానీ, లోపలికి రమ్మనలేదు.

ఆ రాత్రి రక్షితే రాగిసంగటి కెలికి, ఉలవచారు కాచి తల్లికి పళ్లెం పెట్టింది. చిన్నవెంకటమ్మ ముద్ద తుంచి చారులో అద్దింది. నోటి దాకా తెచ్చిన చెయ్యి ఆగిపోయింది. కూతుర్ని సాధించాలని కాదు. నిజంగానే చెయ్యి ముందుకు పోలేదు.

“ఇందులో ఏమేసినావు?”

“ఉలవలమ్మా… చింతపండు, కారం. అంతే.” రక్షిత చారు గిన్నె తల్లి ముందుకు జరిపింది. “నమ్మమ్మా.”

నమ్మాలనే చూసింది. కుదరలేదు. ముద్ద పళ్లెంలో పెట్టేసి, తన ఎసరు తానే పెట్టుకుందామని పొయ్యి దగ్గరకు లేచింది. లేచేటప్పుడు మోకాళ్లు నొప్పి పెట్టలేదు. అందుకే ఆమెకు ఏడుపొచ్చింది.