నాన్న కుర్చీలో వినపడని మోత

మా నాన్న కుర్చీ బేస్‌మెంట్‌కి నట్టనడుమ ఉంటుంది. ముందు గోడకి ఎంత దూరమో వెనక గోడకీ అంతే దూరం. ఫ్యాక్టరీలో ఇనపరేకులు నొక్కే ప్రెస్ షాపు నుంచి రిటైరైన ఏడాది ఆయనా, ఆయన స్నేహితుడు స్టాన్ బాబాయీ కలిసి చెక్కతో చిన్న అరుగు కట్టి, దానిమీద కార్పెట్ పరిచి, తోలు వాలుకుర్చీని మరలతో బిగించేశారు. ఎదురుగా గోడంత తెర. తెర కింద, బేస్ అనే లోతు మోతలు పలికే నల్లటి ఊఫర్ పెట్టె. మా ఊరు వెస్ట్ ఆలిస్‌లో మా వీధి మొత్తానికి అలాంటి గది ఇంకొకటి లేదని నాన్నకి గొప్ప.

ఆ కుర్చీలో కూర్చుంటే ఆ బేస్ వినపడదు. గొడవంతా అక్కడే.

తెరమీద వంతెన కూలుతుంది. గోడవారన సోఫాలో ఉన్న స్టాన్ బాబాయ్ చేతిలో బీరు డబ్బా అదురుతుంది. నాన్నకి మాత్రం పక్కింట్లో ఎవరో తలుపు వేసినట్టుంటుంది, అంతే. "ఇది చచ్చిందిరా" అంటూ రిమోట్ తీసుకుని పెంచుతాడు. చాలకపోతే ఇంకా పెంచుతాడు. పెట్టెకి బలం లేదని పాతది తీసేసి పెద్దది కొన్నాడు. అదీ నచ్చక దానికన్నా పెద్దది తెచ్చాడు.

సరిగ్గా ఆ గది పైన వంటగది. వంటగదిలో అమ్మ. పోయిన చలికాలం నుంచి ఆమెకి చెవి లోపల ఏదో జబ్బు. తల తిరుగుడు మొదలైతే ఏదో ఒకటి పట్టుకుని నిలబడాలి. కింద నుంచి వచ్చే ఆ లోతు మోత చెవికన్నా ముందు అరికాళ్ళకి తెలుస్తుంది. అలమరలో గాజు గ్లాసులు గణగణమన్నప్పుడల్లా అమ్మ కళ్ళు మూసుకుని సింకు అంచు పట్టుకునేది.

అక్టోబరులో నాకు ఫోన్ చేసింది.

"జోలీన్, షెబాయ్‌గన్‌లో మీ పిన్ని గది ఖాళీగానే ఉందంట. వచ్చెయ్యమంటోంది."

"ఎన్నాళ్ళుంటావు?"

"ఎన్నాళ్ళేంటే? ఉండిపోడానికే." వెంటనే మళ్ళీ, "ఆయన తప్పేం లేదులే. అక్కడ కూర్చుంటే వినపడదు, పాపం. వినపడితే ఎందుకు పెంచుతాడు? నువ్వు ఆ శబ్దాల చదువే చదివావు కదా, ఓసారొచ్చి చూసిపోవే" అంది.

మా ఇంట్లో కాలేజీ చదివింది నేనొక్కదాన్నే. పెద్ద పెద్ద భవనాల్లో గాలి గొట్టాల హోరు తగ్గించడం నా ఉద్యోగం. అమ్మ నా చదువుతో పనుందని అంతకుముందెప్పుడూ అడగలేదు. ఆ ఆదివారం మధ్యాహ్నమే వెళ్ళాను.

"లేవరా స్టాన్, ప్రొఫెసరు గారొచ్చారు!" అన్నాడు నాన్న.

"లేస్తే బీరు ఒలుకుతుంది. కూర్చునే టోపీ తీస్తాను, ఏం అనుకోకమ్మా" అన్నాడు స్టాన్ బాబాయ్.

గదంతా కొలిచి చూశాను. నాన్న కుర్చీ ఎదురుగా మోకాళ్ళమీద కూర్చుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు కాకుండా జాగ్రత్తపడుతూ చెప్పాను.

"నాన్నా, పెట్టె మంచిదే. నువ్వు కూర్చున్న చోటే మంచిది కాదు. పెట్టెలోంచి వచ్చే శబ్దం అల, వెనక గోడకి కొట్టుకుని తిరిగొచ్చే అల, రెండూ సరిగ్గా ఇక్కడ ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. తలుపుని అటొకరు, ఇటొకరు సమానంగా తోస్తే కదులుతుందా? నువ్వు పెంచితే ఇద్దరి బలమూ పెరుగుతుంది. తలుపు కదలదు. ఇల్లు మాత్రం అదిరిపోతుంది. కుర్చీ కొంచెం వెనక్కి జరుపుదాం."

"కుర్చీ జరగదు."

"కొంచెమే నాన్నా..."

"బతుకంతా ఫోర్‌మన్ నిలబడమన్న చోట నిలబడ్డాను. నా ఇంట్లో నేనెక్కడ కూర్చోవాలో నువ్వు చెప్తావా?"

"అయితే పెట్టెనే జరుపుదాం."

దానికో పద్ధతుంది. ఈ సౌండు పిచ్చి ఉన్నవాళ్ళందరికీ అది తెలుసు. మనిషి కూర్చునే చోట ఊఫర్‌ని కూర్చోబెట్టి, మనిషి నేలమీద పాకుతూ వినాలి. ఎక్కడ బాగా వినపడితే పెట్టెని అక్కడ పెట్టాలి. నాన్నని లేపి, ఆయన సింహాసనంమీద ఆ నల్లపెట్టెని ఎక్కించాం. తంత్రుల మంద్రస్వరాలు ఒక్కొక్కటే మెట్లు దిగినట్టు వచ్చే పాట పెట్టి, నేను మోకాళ్ళూ మోచేతులూ ఆన్చి గోడల వెంట పాకడం మొదలుపెట్టాను.

"కాలేజీకి పంపింది ఇందుకా?" అన్నాడు నాన్న. "పాకడం మీ అమ్మే నేర్పింది కదే, ఫీజు లేకుండా!"

"సోఫా కింద నా లైటర్ కనపడితే చెప్పు తల్లీ" అన్నాడు స్టాన్ బాబాయ్.

నేనూ నవ్వాను. మూలల్లో మోత ముద్దముద్దగా ఉంది. తెర ముందు కొన్ని స్వరాలే మాయమవుతున్నాయి. పక్కగోడ మధ్యలో, నాన్న బౌలింగ్ పోటీల్లో గెల్చుకున్న కప్పుల అలమర కిందకి వచ్చేసరికి ఒక్కసారిగా అన్ని స్వరాలూ సమానంగా, నిండుగా వినపడ్డాయి. మళ్ళీ వెనక్కి పాకి మళ్ళీ విన్నాను. అదే చోటు.

కప్పులు తీసి, అలమర జరిపి, కింద మందంగా రబ్బరు పట్టా వేసి ఊఫర్‌ని అక్కడ పెట్టాం. నాన్న ఎప్పుడూ పెట్టుకునే శబ్దంలో సగానికి తగ్గించి, అదే వంతెన సీను వేశాను.

వంతెన కూలింది. నాన్న రెండు చేతులూ కుర్చీ చేతులమీద బిగుసుకున్నాయి.

"ఓర్నీ!" అన్నాడు. "స్టాన్, ఇది వీపులో తెలుస్తోందిరా."

"నీ మొహంలే. నీ కూతుర్ని మెచ్చుకో."

"మెచ్చుకుంటున్నాగా! ఏమ్మా, మళ్ళీ వెయ్యి."

నిజం చెప్పాలంటే, ఆ క్షణాన నాకు డిగ్రీ చేతికందిన రోజుకన్నా ఎక్కువ సంతోషంగా ఉంది. రిమోట్ ఆయన చేతికిచ్చి పైకి పరిగెత్తాను.

అమ్మ సింకు దగ్గరే ఉంది. గ్లాసులు కదలడంలేదు.

"ఇంకా పెట్టలేదా?" అంది.

"నడుస్తోందమ్మా. వంతెన పడిపోయింది కూడా."

అమ్మ తల పక్కకి వాల్చి విన్నది. సింకు అంచు వదిలేసింది. గది మధ్యకొచ్చి, దేన్నీ పట్టుకోకుండా నిలబడి, నా బుగ్గ తట్టింది.

"మీ పిన్నికి చెప్పేస్తాను, రావట్లేదని" అంటూ ఫోన్ తీసుకుంది.

నంబరు నొక్కుతుండగా గ్లాసులు మోగాయి. ముందు సన్నగా, ఆ తరవాత అలమరంతా. అమ్మ చేయి గాలిలో వెతుక్కుని కుర్చీ వెన్ను పట్టుకుంది. ఆమెని కూర్చోబెట్టి కిందికి దిగాను.

తెరమీద వాల్యూం అంకె ఇదివరకటికన్నా పైకి పోయింది.

"నాన్నా, తగ్గించు! వినపడుతోందిగా, ఇంకెందుకు పెంచావ్?"

"వినపడుతోంది కాబట్టే!" అని అరిచాడు నాన్న, మొహమంతా నవ్వుతో. "ఇన్నాళ్ళూ పెంచినా ఏం లాభం లేకపోయింది. ఇప్పుడు కదా మజా!"

"పైన అమ్మకి తల తిరుగుతోంది."

"తెలుసులే. దానికెప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. పడుకోమను."

"లెన్, కొంచెం తగ్గించరా" అన్నాడు స్టాన్ బాబాయ్ నాన్నతో మెల్లగా.

"నీ ఇంట్లో తగ్గించుకో."

స్టాన్ బాబాయ్ నా వెనక్కి చూసి డబ్బా కింద పెట్టేశాడు. వెనక్కి తిరిగాను. అమ్మ మెట్ల మధ్యలో ఉంది, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని. నాన్న తెరవైపే చూస్తున్నాడు.

"జోలీన్, కారు దగ్గరికి తీసుకురా" అంది.

ఆమె బట్టల పెట్టె మంచం కింద సర్దే ఉంది. స్టాన్ బాబాయ్ దాన్ని మోసుకొచ్చి డిక్కీలో పెట్టి, టోపీ చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. అమ్మ కోటు వేసుకుంది. గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి ఓవెన్ తెరిచి చూసింది. లోపల నాన్నకోసం, రాత్రి భోజనానికని తను పెట్టిన పంది మాంసం ఇంకా ఎర్రబడలేదు. తలుపు మూసి, టైమర్ తిప్పింది.

"మోగితే వచ్చి తీసుకుంటాడులే" అంది.

ఆ మోతలో ఆయనకి అది వినపడదని నేను చెప్పలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని గుమ్మం మెట్లు దింపాను.