దొరకని మూడువందల ఎనభై

ఆసుపత్రి మంచం మీద వీరాస్వామి నన్ను చూసి లేవబోయాడు. నా మొహం మండ, నాకెందుకా మర్యాద!

"పడుకోవయ్యా!" అని కసిరాను. నా మీది కోపం అతని మీద చూపించాను.

వీరాస్వామిది శ్రీకాకుళం వైపు. షిప్‌యార్డులో ఓడ ట్యాంకుల లోపల రంగు కొడతాడు. సింగపూర్‌లోని యీషున్‌లో మా బ్లాకు కింద, తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో పరిచయం. సోమవారం ట్యాంకు మూలలో స్పృహ తప్పి పడిపోయాడు. ఆ ట్యాంకులో రంగు తుంపరలు గాలికి ఎటు పోతాయో కంప్యూటర్లో లెక్కగట్టింది నేనే. సైన్స్ పార్క్‌లో నా ఉద్యోగం అది.

కంప్యూటర్లో అయిదువేల తుంపరలను వదిలి, ఒక్కొక్కటీ ఏ క్షణంలో ఎక్కడుందో వెంటాడాలి. మూడువందల ఎనభై ఎక్కడున్నాయో ప్రోగ్రాముకు దొరకలేదు. అలా అయినప్పుడు కాలాన్ని ఇంకా చిన్న చిన్న క్షణాలుగా కోసి మళ్ళీ నడపాలి. మూడు రోజుల పని. అది రెండువేల సంవత్సరం, మా ఆఫీసు వాళ్ళందరూ ఇంటర్నెట్ కంపెనీల్లోకి దూకేస్తున్నారు. మర్నాడు నాకూ ఓ ఇంటర్వ్యూ ఉంది. గాలిగొట్టంలోంచి పోయి ఉంటాయిలే అనుకుని, బయటికి పోయిన వాటిలో కలిపేశాను. గాలి శుభ్రం అని రిపోర్టిచ్చాను. నిన్న బుద్ధొచ్చి మళ్ళీ నడిపితే, మూడువందల ఎనభై ఆ మూలలోనే గిర్రున తిరుగుతున్నాయి.

"తప్పు నాదేనంట బాబూ," అన్నాడు వీరాస్వామి. "మాస్కు సరిగ్గా ఎట్టుకోనేదని సంతకం ఎట్టించుకున్నారు. వర్క్ పర్మిట్ తీసేసి ఊరికి పంపించెత్తారంట. గాలి బాగుందని కంప్యూటరే సెప్పింది కదా మరి."

నోరు మూసుకుంటే సరిపోతుంది. అతను ఊరెళ్ళిపోతాడు, నేను కొత్త ఉద్యోగంలో చేరతాను. ఛీ, ఎంత నీచపు ఆలోచన!

"కంప్యూటర్ కాదు వీరాస్వామీ, నేను. ఆ మూలలో గాలి బాగోలేదు. చూసుకోకుండా బాగుందని రాసేశాను. నీ తప్పేం లేదు. మీ కంపెనీకి నేనే చెబుతాను."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. సెలైన్ గొట్టాన్ని లాక్కుంటూ లేచి కూర్చున్నాడు.

"ఓలమ్మో! నా బదులు ఇయ్యాల ఆ మూలలో మా తమ్ముడు తిరుమలేష్‌ని దింపినారు బాబూ!"

నిన్నటి నుంచీ నా తప్పు తల్చుకుని ఏడుస్తూ కూర్చున్నానే గానీ, అక్కడ ఇంకో మనిషి ఉంటాడన్న ఆలోచనే నాకు రాలేదు. షిప్‌యార్డుకి చెయ్యాలని ఫోన్ తీశాను. షిఫ్టు మొదలై అప్పటికే రెండు గంటలైంది.