కార్మాక్ గోత్రం

మా అవనికి పట్టుదల ఎక్కువ. నాకు కోపం ఎక్కువ. మేమిద్దరం ఒకే కారులో బయలుదేరితే ఇంకేముంది! ఆ ఆదివారం అమెరికాలోని అల్ఫారెట్టాలో ఇంటి దగ్గర మొదలైన గొడవ గుడి దాకా సాగింది.

అవని మా చంద్రిక కూతురు. ఆ రోజు కారు నడిపిన మా అల్లుడు బ్రెండన్‌ది ఐరిష్ వంశం. అర్చనప్పుడు పూజారి గోత్రం అడిగితే నేనే గబగబా "శివ గోత్రం" అనేసేదాన్ని. గోత్రం తెలియనివాళ్ళకి అలా చెప్పడం ఆనవాయితీ. ఆ రోజూ అదే చెబుతానన్నాను, మీ నాన్న గోత్రం తెలీదుగా అని.

"తెలీదు కాదు అమ్మమ్మా! గోత్రం అంటే ఫ్యామిలీలో ఫస్ట్ పర్సన్ అని నువ్వే చెప్పావు. డాడ్ సైడ్ ఫస్ట్ పర్సన్ కార్మాక్. నేను అదే చెప్తా."

"గోత్రానికి ఋషి ఉండాలే, తాపీమేస్త్రీ కాదు!"

"వై నాట్?"

అమెరికాని ఇంకా ఇంగ్లండు రాజు ఏలుతున్న రోజుల్లో, ఓడ ఖర్చుకి బదులు ఏళ్ళ తరబడి చాకిరీ చేస్తానని ఒప్పుకుని కార్మాక్ ఐర్లండులోని డబ్లిన్ నుంచి పెన్సిల్వేనియా వచ్చాడట. డబ్లిన్ అంటే మా అబ్బాయి శశికాంత్ ఉండే కాలిఫోర్నియా డబ్లిన్ అనుకుని, అక్కణ్ణించి రావడానికి ఓడెందుకని అడిగి నేను నవ్వులపాలయ్యాను. చాకిరీ తీరాక తాపీమేస్త్రీ అయి అతను సొంతంగా కట్టిన మొదటి ఇంటికి తొలి చలికాలంలోనే నేల గడ్డకట్టి ఉబ్బి గోడ చీలింది. ఊరంతా ఎగతాళి చేసింది. ఇంకొకడైతే మూటాముల్లె సర్దుకునేవాడు. ఇతను గోడని తనే కూల్చి, చలి దిగని లోతుదాకా తవ్వి, అవే రాళ్ళతో మళ్ళీ కట్టాడు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. పోయిన వేసవిలో చూడ్డానికి వెళితే అవని ఆ గోడ దగ్గర్నుంచి ఎంతకీ కదల్లేదు.

గుడిలో పూజారి విశ్వనాథంగారు గోత్రం అడిగారు.

"కార్మాక్."

ఆయన పూలు పట్టుకున్న చెయ్యి ఆగింది. "అది ఋషి పేరు కాదు కదమ్మా. శివ గోత్రం అందాం."

"నో అంకుల్. నాకు గోత్రం లేదు అంటే మా డాడ్ వాళ్ళు ఎవరూ లేనట్టే కదా!"

నేను చెయ్యి పట్టి లాగాను. విదిలించుకుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి గానీ అడుగు వెనక్కి వెయ్యలేదు. అంతలో లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పంతులుగారూ, పిల్ల చెప్పిందే చదవండి. చదివేదాకా మేమిద్దరం ఇక్కణ్ణించి కదలం!"

ఆయన మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశారు. గొంతు సవరించుకున్నారు.

"కార్మాక్ గోత్రోద్భవాయాః, అవనీ నామధేయాయాః..."

బ్రెండన్ గుడికొస్తే ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడతాడు, లోపల తనకి చోటు లేదన్నట్టు. మంత్రంలో తన తాతల పేరు వినపడేసరికి చటుక్కున తలెత్తాడు. మెల్లగా నడిచి వచ్చి కూతురి పక్కన నిలబడ్డాడు.

"మీ పేరు బాబూ?" అన్నారు విశ్వనాథంగారు.

బ్రెండన్ నా వంక చూశాడు. నేనే అందుకున్నాను.

"రాసుకోనక్కర్లేదు, గుర్తుపెట్టుకోండి. కార్మాక్ గోత్రం, బ్రెండన్ నామధేయం. మా అల్లుడు."